రెండు మాటలు చెప్పమన్నారు

ఓ ఆదివారం మధ్యాహ్నం, చందర్లపాడు అవతల ఓ పల్లెలో, ఊరి జనం ముందు మైకు పట్టుకుని నా పరువు నేనే తీసుకున్నా. నవ్వుతూనే చదవండి. చివర్లో నవ్వు రాకపోతే మాత్రం అది మీ తప్పు కాదు.

నేను నందిగామ వైపు ఓ చిన్న ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుని. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "పొద్దునొకటి, రాత్రొకటి" అనడమే నా ఉద్యోగం. అలాంటి నాకు పైనుంచి ఆర్డరొచ్చింది: ఇకనుంచి ఫార్మసిస్టులు కూడా బీపీ చూడాలి, మందులు సరిగ్గా వాడుతున్నారో లేదో కనుక్కోవాలి, మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకీ వెళ్లాలి. బీపీ మిషను వాళ్లిచ్చారు. తెల్ల కోటు నేనే కుట్టించుకున్నా. అద్దంలో చూసుకుంటే డాక్టరు గారే నా కింద పనిచేస్తున్నట్టనిపించింది!

మొదట నా చేతికి చిక్కింది మార్తమ్మ. పక్షవాతంతో మంచాన పడ్డ భర్త యేసోబుకి నెలనెలా బీపీ బిళ్లలు పట్టుకెళ్తుంది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. "పెద్దాయన ఎలా ఉన్నాడమ్మా?" అని అలవాటుగా అడిగేవాణ్ణి. "బానే ఉన్నాడండి" అనేది.

"ఇకనుంచి బీపీ చూడకుండా బిళ్లలివ్వను. ఆదివారం నేనే మీ ఇంటికొస్తా" అన్నా.

ఆమె మొహం పాలిపోయింది. "ఆదివారం వద్దండి. ఆరోజు మా ఇంట్లో..."

"నాకు మర్యాదలేం చెయ్యక్కర్లేదు. కాఫీ కూడా తాగను."

"అది కాదండి..."

"చుట్టుపక్కలవాళ్లని కూడా రమ్మను. అందరికీ చూస్తా!"

ఆదివారం బండి దిగేసరికి వాళ్లింటి ముందు షామియానా. వరసగా కుర్చీలు, నిండా జనం, మైకు. మార్తమ్మ ఎంత మంచిదండీ, నాకోసం ఇంత ఏర్పాటా అని ఉప్పొంగిపోయా. నా తెల్ల కోటు చూసి పాస్టరు గారు లేచి, "డాక్టరు గారొచ్చారు. రెండు మాటలు చెప్తారు" అని మైకు నా చేతిలో పెట్టారు.

రెండు మాటలా! ఉప్పు గురించి, ఊరగాయ గురించి, మందు మానేసేవాళ్ల మూర్ఖత్వం గురించి దంచేశా. కొందరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నా మాటల్లో ఇంత పవరుందా అని నాకే ముచ్చటేసింది.

"యేసోబు గారినే చూడండి! ఏడాదిగా నా మందులు ఒక్క పూట మానలేదు. గుండ్రాయిలా ఉన్నారు. ఏరీ, కుర్చీలో కూర్చోబెట్టి తీసుకురండి!"

పాస్టరు గారు నా కోటు పట్టి లాగి, చెవిలో మెల్లగా చెప్పారు. "అయ్యా, ఇది ఆయన జ్ఞాపకార్థ కూడికండి. పోయి ఇవాళ్టికి ఏడాది."

నేను చూశా. నా పక్కనే కుర్చీలో పూలదండ వేసిన ఫొటో ఉంది. ఇంతసేపూ దానిమీద చెయ్యి ఆనించే మాట్లాడా.

అందరూ భోజనాలకి లేచాక మార్తమ్మ లోపల్నించి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నిండా నేనిచ్చిన బిళ్లలే. ఒక్కటీ విప్పలేదు.

"మరి నెలనెలా బానే ఉన్నాడని ఎందుకు చెప్పావమ్మా?"

"ఊళ్లో అందరికీ ఆయన పోయాడని తెలుసండి. ఎవరూ అడగరు. మీరొక్కరే ఎలా ఉన్నాడని అడిగేవారు. ఆ మాట కోసం వచ్చేదాన్నండి."

ఏడుపొచ్చింది నాకు. ఏం చెయ్యాలో తోచక ఆమె చేతికే పట్టీ చుట్టా. మిషన్లో అంకె చూస్తే, బీపీ ఆమెకే ఆకాశంలో ఉంది. ఏడాదిగా లేని మనిషికి మందులిచ్చా, కిటికీ ముందు నిలబడ్డ రోగిని చూడనేలేదు.

కాబట్టి బీపీ మిషను మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నా. షామియానా కనబడితే నాకోసమే అనుకోను. మైకు ఇస్తే పారిపోతా. "అది కాదండి" అన్నవాళ్లని పూర్తిగా చెప్పనిస్తా.

ఇప్పుడు మార్తమ్మ తన పేరు మీదే బిళ్లలు తీసుకుంటోంది. తీసుకున్నాక కూడా కదలదు. వెనక లైన్లో వాళ్లు గొణుగుతుంటారు.

"పెద్దాయన ఎలా ఉన్నాడమ్మా?" అంటా.

"బానే ఉన్నాడండి" అని వెళ్తుంది.