పద్నాలుగో మనిషి

మా పాప సోఫా ఎక్కితే చాలు, నా గుండె జారిపోతుంది. అది నిద్రపోయాక కూడా ఊపిరి తీస్తోందో లేదో రెండుసార్లు చూసొచ్చి ఇది రాస్తున్నాను. ఇలాంటి నేను మెల్‌బోర్న్‌లో చదివేటప్పుడు యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడానంటే మా ఆయనే నమ్మడు.

చేరడం మాత్రం పొరపాటునే చేరాను. మొదటి వారం క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కూర్చున్నాయి. ఒకదాని మీద అమ్మాయిల ఫుట్‌బాల్ అని ఉంటే, కాకినాడలో కాలేజీకి ఆడినదాన్నే కదా అని పేరు రాసేశాను. ప్రాక్టీసుకి వెళ్తే నా చేతిలో పెట్టిన బంతి బొప్పాయి పండులా ఉంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే అదేనట. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టొచ్చు, పట్టుకున్న మనిషిని కింద పడెయ్యొచ్చు.

కెప్టెన్ నర్సింగ్ చదివే పొడుగాటి అమ్మాయి. నా మొహం చూసి, "గుండ్రటి బంతి వాళ్లు అవతలి గ్రౌండులో ఉంటారు. వెళ్తావా?" అంది. వెళ్తాననే అనుకుంది. అందుకే వెళ్లలేదు.

మాది రెండో జట్టు. మొదటి జట్టులో చోటు దొరకనివాళ్లందరం. ప్రతి ఆదివారం పొద్దున ఆడేవాళ్లం, ఓడేవాళ్లం. ఒకసారి అవతలివాళ్ల అంకెలు మార్చీ మార్చీ స్కోరు బోర్డు దగ్గరి ఆయన కుర్చీ తెచ్చుకున్నాడు. మా సున్నా జోలికి వెళ్లే అవసరమే ఆయనకి రాలేదు.

ఆ సాయంత్రం క్లేటన్ పేటలోని తెలుగు చర్చి ఆరాధనకి నన్ను కారులో తీసుకెళ్తున్న ఆంటీ గీరుకుపోయిన నా మోచేతులు చూసింది.

"కనీసం గెలుస్తున్నారా అమ్మా?"

"లేదాంటీ."

"మరెందుకు?"

"ఓడిపోడానికైనా ఎవరో ఒకరు ఉండాలి కదాంటీ."



నిజం చెప్పాలంటే, క్లాసులో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి గట్టిగా పిలిచే చోటు ఆ బురద గ్రౌండొక్కటే.

చలి ముదిరే కొద్దీ మనుషులు తగ్గారు. కొందరికి షిఫ్టులు, కొందరికి పరీక్షలు. గ్రౌండులోకి దిగాలంటే తక్కువలో తక్కువ పద్నాలుగు మంది ఉండాలి. ఒక ఆదివారం పన్నెండు మందే వచ్చి, ఆడకుండానే మ్యాచ్ వదులుకున్నాం. ఇంకొక్కసారి ఇలా జరిగితే రెండో జట్టే ఉండదని క్లబ్ సెక్రటరీ తేల్చి చెప్పాడు.

ఆఖరి మ్యాచ్ రోజు పదముగ్గురం. ఒకమ్మాయికి జ్వరమని మెసేజ్ వచ్చింది. ఇంకా అరగంట టైముంది. మా అద్దె ఇల్లు రెండు వీధుల అవతల. పరిగెత్తాను. నా గదిలో ఉండే విజయనగరం అమ్మాయి అప్పుడే బేకరీ షిఫ్టు ముగించుకొచ్చి టీ పెట్టుకుంటోంది.

"పద. మాకో మనిషి తక్కువ."

"ఏటే? నాకా ఆట రాదు."

"మాకూ రాదు."

"నేనేటి చెయ్యాల మరి?"

"నిలబడు. బంతి వస్తే పారిపోకు."

స్టవ్ కట్టేసి, పనికి వేసుకెళ్లే నల్ల బూట్లతోనే వచ్చింది. గ్రౌండు పక్కనే ఫారం నింపించాం.

"ఈ అమ్మాయి ఎప్పుడైనా ఆడిందా?" సెక్రటరీ అడిగాడు.

"ఆడి ఉండాలని రూల్స్‌లో ఉందా?" కెప్టెన్ అంది.

ఆయన పుస్తకం తిరగేశాడు. లేదు.

ఆట మా మామూలు ఆటే. అవతలివాళ్లు పరిగెడుతూనే ఉన్నారు, మేం వెంటపడుతూనే ఉన్నాం. నాలుగు భాగాల ఆటలో మూడోదాంట్లో బంతి దొర్లుకుంటూ వచ్చి విజయనగరం అమ్మాయి కాళ్ల దగ్గర ఆగింది. అది పారిపోలేదు. బంతిని పొట్టకి హత్తుకుని బురదలో చతికిలబడింది. మీద ముగ్గురు పడ్డారు. విజిల్ మోగాక లేచి, ఇంకా బంతి వదలకుండా నా వైపు చూసి, "ఇవ్వలేదు చూశావా?" అంది.

చిత్తుగా ఓడిపోయాం. కానీ చివరి నిమిషం దాకా పద్నాలుగు మందిమీ గ్రౌండులోనే ఉన్నాం. సెక్రటరీ కాగితాలు సర్దుకుంటుంటే కెప్టెన్ వెళ్లి, వచ్చే ఏడాది జట్ల పట్టికలో రెండో జట్టు కింద మా పేర్లు రాయడం మొదలుపెట్టింది. ఆయన ఏదో అనబోయి, మా మొహాలు చూసి పక్కకి జరిగాడు.

మా విజయనగరం అమ్మాయి గడ్డం మీద బురద తుడుచుకుంటూ వంగి చూసింది.

"నా పేరు స్పెల్లింగు తప్పు రాస్తోందే. సరిగ్గా రాయమను."