నిట్టాడు లేని ఇల్లు

శనివారం పొద్దున యెహెజ్కేలు కొత్తింటి వీధి తలుపు బందులు విప్పి మళ్లీ బిగించాడు. తెరిచిన తలుపు తెరిచినట్టు ఉండటం లేదు. ఎవరో మెల్లగా తోసినట్టు దానంతటదే వచ్చి మూసుకుంటోంది.

"బందుల్లోనే ఏదో తేడా ఉంది," అన్నాడు భార్యతో.

"రాత్రంతా వాన కదండీ. చెక్క ఉబ్బి ఉంటుంది," అంది తబిత.

బిగించాక తలుపు బార్లా తీసి వదిలాడు. మళ్లీ వచ్చి మూసుకుంది. దాన్నే చూస్తూ కాసేపు నిలబడి, తలెత్తి గోడ పైదాకా చూసి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. తబితకి ఇప్పటికీ ఆ నిలబడటమే గుర్తొస్తుంది.

కుర్రతనం నుంచీ ఊళ్లోవాళ్ల ఇళ్లకి కప్పులెక్కించిన వడ్రంగి ఆయన. కొవ్వూరు నుంచి భీమవరం దాకా బస్సు ఎక్కడ ఆగినా కిటికీలోంచి వేలు చూపించి, "ఆ వాసాలు నావే" అనేవాడు. పక్క సీటాయన ఔననేదాకా ఊరుకునేవాడు కాదు. తను మాత్రం రేకుల షెడ్డులోనే కాపురం చేశాడు. కట్టుకుంటే పెద్ద హాలుండాలి, ప్రార్థనకి సంఘమంతా ఒక్కచోట కూర్చోవాలి, తలెత్తితే వెన్నుదూలం దాకా ఖాళీగా కనబడాలి. నడుమ ఒక్క స్తంభం ఉండకూడదు.

గేట్లు వెల్డింగ్ చేసే అల్లుడు రాజ్ కుమార్ మొదట్నుంచీ భయపడుతూనే ఉన్నాడు.

"ఇంత వెడల్పు హాలు, మావయ్యగారూ. మధ్యలో నిట్టాడు నిలబెడితే వెన్నుదూలాన్ని అదే మోస్తుంది. అది వద్దంటే ఇనప ట్రస్సులు చేసిస్తాను."

"రొయ్యల మేత గోడౌన్ కాదు అల్లుడూ, ఇల్లు!"

"పోనీ, గోడ నుంచి గోడకి అడ్డదూలాలైనా వేయండి. లేకపోతే పెంకుల బరువుకి వాసాలు ఎడంగా జారి గోడల్ని బయటికి తోసేస్తాయి."

"వేస్తాను. కింద గోడల మీద కాదు, పైన, కప్పుకి సగం ఎత్తులో. కింద వేస్తే మీ అత్తయ్య బట్టలారేసేస్తుంది."

అందరూ నవ్వారు. తబిత కూడా నవ్వింది. అడ్డదూలాలు పైనే వేశారు.

పెంకు నేసేటప్పుడు కప్పు కింద ఊతంగా సరుగుడు బాదులు నిలబెట్టారు. ఆదివారం గృహప్రతిష్ఠ. ప్రార్థన వేళకి ఇంట్లో ఊతం ఉండకూడదని వడ్రంగుల్లో ఆనవాయితీ. ఉందంటే మేస్త్రీకి తన పని మీద తనకే నమ్మకం లేనట్టు. శుక్రవారం సాయంత్రం యెహెజ్కేలే బాదులన్నీ తీసి గోడవార పేర్చాడు. ఆ రాత్రే వాన పట్టుకుంది. పెంకులు నీళ్లు తాగి బరువెక్కాయి.

శనివారం మధ్యాహ్నం తబిత చాపలు తెస్తే గుమ్మంలోనే ఆపేశాడు.

"ఇప్పుడు రాకు. లోపలంతా దుమ్ము."

"ఊడుస్తాను కదండీ."

"చెప్తుంటే వినవేంటి? షెడ్డులో పెట్టు!"

ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. షెడ్డు దాకా వెళ్లిందో లేదో, వెనకాల కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. తిరిగి చూసేసరికి కప్పు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

పెంకులు తొలగిస్తే, ఆయన రెండు చేతులూ ఒక సరుగుడు బాదు చుట్టూ ఉన్నాయి. మిగిలిపోయిన బాదు తీయబోయి పోయాడన్నారు ఊళ్లో. "మొండితనం అత్తయ్యా, ఆఖరిదాకా మొండితనమే," అని రాజ్ కుమార్ ఏడ్చాడు. తబిత కూడా అదే నమ్మింది.

సమాధి చేసి అందరూ వెళ్లిపోయాక ఒకరోజు సాల్మన్ పాస్టరుగారు పలకరించడానికి వచ్చి, మాటల మధ్య అన్నారు.

"శనివారం పొద్దున నాకు ఫోన్ చేశాడమ్మా. రేపు ప్రార్థన ఇంట్లో వద్దండి, బయట పందిరేసుకుందాం అన్నాడు. ఎందుకయ్యా అంటే, లోపల ఉక్కపోతండి అన్నాడు."

శుక్రవారమే తీసి గోడవార పేర్చిన బాదు శనివారం మళ్లీ ఆయన చేతుల్లోకి ఎందుకొచ్చిందో తబితకి అప్పుడు అర్థమైంది.