నిమ్మకాయ ఖాతాలో నా తూటా

నేను చెప్పబోయేది ఒక మహా విపత్తు గురించి. ఇందులో ప్రాణనష్టం లేదు, ఆస్తినష్టం లేదు. పోయింది నా పరువొక్కటే. అదీ జమ్మలమడుగు దగ్గర పాడుబడిన నాపరాళ్ల గనిలో, పట్టపగలు, మూడు ఊళ్ల జనం చూస్తుండగా పోయింది. మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. నవ్వకపోతే ఇంత కష్టపడి రాయడం దండగ.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ప్రొద్దుటూరులో ఏ మూల హేతువాద సభ జరిగినా మైకు ముందు నేనుండాల్సిందే. రాహుకాలాన్ని చీల్చి చెండాడేవాణ్ణి. వాస్తును పునాదులతో సహా పెకలించేవాణ్ణి. ఎవడి మణికట్టుకైనా దిష్టికి కట్టుకున్న నల్లతాడు కనిపిస్తే, "ఇది నీ బుర్రకు కట్టిన తాడురా!" అని గర్జించేవాణ్ణి. వాళ్లు తాడు విప్పేవాళ్లు కాదు. మరుసటి సభకు ఫుల్ చేతుల చొక్కా వేసుకొని వచ్చేవాళ్లు.

ఇంత చేసీ నా పేరు దేవదానం. మా అమ్మ సుగుణమ్మ మిషన్ బడిలో టీచరు. దేవుడిచ్చిన కొడుకు దేవుడే లేడని ఊరూరా తిరుగుతుంటే, ఆమె రోజూ మోకరించి ఒకే ప్రార్థన చేసేది: "ప్రభువా, వీని బుద్ధి మార్చకున్నా పర్వాలేదు, వీని నోటికి కొంచెం విశ్రాంతి ఇయ్యి."

నోటికి విశ్రాంతి దొరకలేదు గాని, చేతికి పని దొరికింది. ఆ నాపరాళ్ల గనిలో ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. కాగితాల మీద గురి చూసి కాల్చే ఆట. నేను చేరాను. కొన్నాళ్లకు సొంత పిస్తోలు మీద మోజు పుట్టింది. పాతకాలపు వాటం, పొడుగాటి గొట్టం, చెక్క పిడి, ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతట అదే ఎక్కే యంత్రం. లైసెన్సు కూడా వచ్చింది. కడప జిల్లాలో పిస్తోలు కొంటున్నానని ఫోన్లో చెబితే, కోస్తా మిత్రుడొకడు "ఎవరితో గొడవ?" అని గొంతు తగ్గించి అడిగాడు. "కాగితంతో" అన్నాను. నమ్మలేదు.

ఇక మిగిలింది క్యాలిబర్, అంటే గొట్టం లోపలి కొలత. ఇరవైరెండా, ముప్పైరెండా? ఇరవైరెండుది సన్న తూటా, ముప్పైరెండుది లావు తూటా. తేల్చుకోలేక నెల రోజులు కాలు గాలిన పిల్లిలా తిరిగాను. పొద్దున ఇరవైరెండు అనుకుంటే మధ్యాహ్నానికి ముప్పైరెండు. అన్నం ముందు కూర్చుంటే ఇరవైరెండు, చెయ్యి కడుక్కునేసరికి ముప్పైరెండు. చివరికి బస్సెక్కి పులివెందులకు పోయాను. మా క్లబ్బులో శిక్షణ ఇచ్చే గంగిరెడ్డి మామ అక్కడే ఉంటాడు. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి.

"ఇరవైరెండు తీసుకోప్పా," అన్నాడు మామ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "తూటాలు సులువుగా దొరుకుతాయి. ఎగిరి తన్నదు. నీ మాదిరి నిలకడ లేనోనికి అదే మందు. ముప్పైరెండు తూటాలు దొరికేది కష్టం. సాధన లేకుండా ఏం కాలుస్తావు?"

చూశారా, ఎంత చక్కని సలహా! ఆయన అక్కడ ఆగి ఉంటే నేనీ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు. ఆగలేదు.

"పైగా నువ్వు పుట్టింది పదమూడో తారీకు. ఒకటి, మూడు, కలిపితే నాలుగు. రెండూ రెండూ నాలుగు. సరిపాయె! ముప్పైరెండయితే అయిదు. అయిదు నీకు శత్రువు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. ఆయన భార్య తెచ్చిన కాఫీ చల్లారింది. మళ్లీ వేడి చేసి తెచ్చింది. అదీ చల్లారింది.

"మామా! అంకెలకు స్నేహాలూ శత్రుత్వాలూ ఉంటాయా? ఈ మూఢత్వాన్ని కాల్చిపారేస్తాను. నేను ముప్పైరెండే కొంటాను!"

"ఒరే, అంకెల సంగతి వదిలేయ్. తన్నుతాదిరా అది!"

"తన్ననీ!"

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, జోస్యం మీద కోపాన్ని నా మణికట్టు మీద చూపించుకున్నాను. ముప్పైరెండే కొన్నాను. అంతటితో ఊరుకున్నానా? క్లబ్బులో నా స్నేహితుడు ఓబులేసు ఉండేవాడు. చాపాడు మనిషి, గొర్రెల కాపరుల ఇంటివాడు, ఇప్పుడు సేద్యం. మనిషి బంగారం, కానీ చేతికి నల్లతాడు, కాల్చే బల్ల మీద నిమ్మకాయ లేనిదే పిస్తోలు ముట్టడు. వాడి ముందు తొడగొట్టాను.

"అమావాస్య మంగళవారం, రాహుకాలంలో, మామ చెప్పిన నా శత్రు సంఖ్య పిస్తోలుతో అయిదు తూటాలు కాలుస్తా. అయిదూ నా కాగితంలో పడితే నువ్వు తాడు విప్పాల!"

"ఒక్కటి బయటికి పోయినా?"

"నా చేతికి నల్లతాడు కట్టు!"

ఓబులేసు కళ్లు మెరిశాయి. "మాట మీద నిలబడతావా దానప్పా? సాయంత్రానికి మార్చవు గదా?"

ఆ సంగతి పొద్దుటికల్లా ప్రొద్దుటూరు దాకా పాకింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. నా చేతికి నల్లతాడంటే, శాకాహార సంఘం అధ్యక్షుడి మెడలో నల్లి బొమిక వేలాడినట్టే.

తూటాలు, మామ చెప్పినట్టే, దొరకలేదు. దుకాణం చుట్టూ ఎంత తిరిగినా పందేనికి సరిపడా, ఇంకో రెండు మాత్రమే చేతికొచ్చాయి. సాధన ఇంట్లోనే. ఇస్త్రీపెట్టెను చాచిన చేత్తో పట్టుకొని గోడ గడియారం మీద గురి చూస్తూ, నోటితో "ఢాం!" అనేవాణ్ణి.

"బట్టలు ఇస్త్రీ చేయమంటే చేతులు నొప్పి అంటావు," అనేది అమ్మ. "ఇప్పుడు ఆ పెట్టెతోనే గోడను బెదిరిస్తాండావు. గమ్మున ప్రార్థన చేసుకో నాయనా."

"ప్రార్థనతో గురి కుదరదమ్మా."

"ఢాం అంటే కుదురుతాదా?"

ఆ రోజు రానే వచ్చింది. గనిలో జనం రాళ్ల మీద గుట్టలు గుట్టలుగా కూర్చున్నారు. బొరుగులవాడు కూడా వచ్చాడు. ఎదురుగా రెండు కాగితాలు, కుడివైపుది నాది, ఎడమవైపుది ఓబులేసుది. వాడి బల్ల మీద పచ్చని నిమ్మకాయ, చేతిలో క్లబ్బు వారి ఇరవైరెండు పిస్తోలు. వాడూ అయిదే కాల్చాలి.

మామ కేక వేయగానే మొదలుపెట్టాం. మొదటి తూటాకే నా పిస్తోలు కొత్త కోడెలా తన్నింది. రెండోదానికి మణికట్టు మూలిగింది. మూడోదానికి, మీతో అబద్ధమెందుకు, తన్నుతుందన్న భయంతో ముందే కళ్లు మూసుకొని నొక్కాను. నాలుగు, అయిదు ఎలాగో ముగించాను. పిస్తోళ్లు ఖాళీ చేసి బల్లల మీద పెట్టాక, మామ పోయి కాగితాలు తెచ్చాడు.

నా కాగితంలో నాలుగు బొక్కలే ఉన్నాయి. మామ కాగితాన్ని ఎండకు పెట్టి చూశాడు. "అయిదోది పాత బొక్కలోనే దూరిపోయి ఉంటాది. బయట యాడా దుమ్ము లేయలేదు. నేను సూస్తానే ఉండా. ఇది దానం గెలుపే!"

జనం ఈలలు వేశారు. నేను గెలిచాను! గుక్కెడు నీళ్లు తాగి విజయోపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. అంతలో ఓబులేసు తన కాగితం పట్టుకొని పొలికేక పెట్టాడు.

"మామోయ్! ఆరు బొక్కలు!"

"నువ్వు కాల్చింది అయిదే గదరా?"

"అయిదే! ఆరోది సూడు, నట్టనడుమ! నిమ్మకాయ కాల్చింది మామా!"

ఒక్కసారి గని అంతా లేచింది. ఎవరో నిమ్మకాయను కళ్లకద్దుకున్నారు. ఇంకొకరు టెంకాయ తెమ్మన్నారు. బొరుగులవాడు బుట్ట కింద పెట్టి చెప్పులు విడిచాడు. రేపటికి అక్కడ గుడి లేచేలా ఉంది.

నాకు ఆరో బొక్క జన్మరహస్యం వెంటనే అర్థమైంది. అది నేను కళ్లు మూసుకొని కాల్చిన మూడోది. తంతే బూరెల బుట్టలో పడ్డట్టే పడింది గాని, బుట్ట ఓబులేసుది. పాఠకులారా, నా అవస్థ ఊహించండి. నోరు మూసుకుంటే పందెం నాది, కానీ నిమ్మకాయ దేవుడవుతుంది. నోరు తెరిస్తే నిమ్మకాయ నిమ్మకాయే, కానీ తాడు నా చేతికి. బుద్ధిమంతుడు మూసుకునేవాడు. నేను నిలబడ్డచోటే అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాను. నాలుక దురదపెట్టింది.

"ఆగండి!" అని అరిచాను. "అది మహిమ కాదు, నా తూటా! రుజువు చేస్తాను!"

"గమ్మునుండురా," మామ నా చొక్కా లాగాడు. "గెలిచినావు గదా!"

ఉండలేదు. మిగిలిన ఇరవైరెండు తూటా ఒకటి, ముప్పైరెండు తూటా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఓబులేసు కాగితంలో అయిదు బొక్కలకు సన్న తూటా సరిగ్గా సరిపోయింది. ఆరోదానిలో వదులుగా జారిపోయింది. అందులో నా లావు తూటాను పెట్టాను. వేలికి ఉంగరం పట్టినట్టు పట్టింది.

"చూశారా! ఈ గనిలో ముప్పైరెండు కాల్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నా కాగితం తప్పి పక్క కాగితానికి కొట్టింది నేనే! సందేహం ఉంటే అడగండి!"

ఎవరికీ సందేహం లేదు. అంత బలమైన వాదన నేను మళ్లీ జన్మలో చేయలేదు. జనం నిట్టూర్చారు. బొరుగులవాడు చెప్పులు తొడుక్కున్నాడు. ఓబులేసు నిమ్మకాయను కాసేపు చూశాడు, బొక్కను కాసేపు చూశాడు.

"నిజమే దానప్పా," అన్నాడు నెమ్మదిగా. "దీంట్లో ఏం లేదు. ఇన్నాళ్లు ఉత్తపుణ్యానికి మోసినా." అని తన మణికట్టు మీది నల్లతాడు విప్పేశాడు.

నా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో నేను విప్పించిన మొదటి తాడు అది!

"సెయ్యి ఇట్ల తే," అన్నాడు ఓబులేసు. "ఇంక నాకు పనిల్యా. నీకు కడతా. ఒక్కటి బయటికి పోయినట్టు నువ్వే రుజువు చేస్తివి గదా!"

మళ్లీ అమావాస్య దాకా ఉంచుకోవాలని మామ తీర్పు చెప్పాడు. ఆలోగానే ప్రొద్దుటూరులో సభ వచ్చింది. మండు వేసవి. అమ్మ నా ఫుల్ చేతుల చొక్కాకు మణికట్టు గుండీ పెడుతూ, "విప్పెయ్‌రాదా?" అంది.

"మాటంటే మాటమ్మా."

"అయితే ఆ చెయ్యి పైకెత్తి మాట్లాడొద్దు నాయనా."

ఎత్తకుండా మాట్లాడాను. ఎదుట వరుసల్లో ఫుల్ చేతుల చొక్కాలు కనిపించాయి. మొదటిసారి నేను గర్జించలేదు. చెమట తుడుచుకున్నాను. వాళ్లూ తుడుచుకున్నారు.

కాబట్టి ఆనాడు వాచిన నా మణికట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. (తాడును సాక్షిగా పెట్టను. దానికి సాక్ష్యం చెప్పే తెలివి లేదు.) తప్పుడు కారణం చెప్పాడన్న కోపంతో మంచి సలహాను ఇకపై కాలదన్నను. బల్లి నెత్తిన పడింది గనుక వాన వస్తుంది, గొడుగు తీసుకుపొమ్మని ఎవరైనా అంటే, ముందు ఆకాశం చూస్తాను. మబ్బుంటే గొడుగు తీసుకుంటాను. బల్లితో వాదన తిరిగొచ్చాక, తడవకుండా పెట్టుకుంటాను.

ఇప్పుడు నా దగ్గరున్నది ఇరవైరెండు. రెండూ రెండూ నాలుగని మామకు మాత్రం గుర్తు చేయకండి.