తలుపు వెనక ‘ఎందుకు’

నా చిన్నప్పుడు నిర్మల్ దిక్కు మా ఊళ్లో పిల్లల చేత తొలి అక్షరం రాయించాలంటే బాసరకే తీసుకుపోయేవారు. ఉన్నవాళ్లు జీపు మాట్లాడుకునేవారు, లేనివాళ్లు బస్సెక్కేవారు. అక్కడ సరస్వతమ్మ గుడిలో అయ్యగారు పిల్లల వేలు పట్టుకుని, పళ్లెంలో పోసిన బియ్యం మీద ‘ఓం’ అని రాయిస్తాడు. ఊరు మొత్తంలో ఆ ప్రయాణం లేని ఇల్లు మాదొక్కటే. మా బాపు దేవుణ్ణి నమ్మడు. అడిగినవాళ్లకు దాచకుండా చెప్పేవాడు, అడగనివాళ్ల జోలికి పోయేవాడు కాదు.

బడికి కూడా ఆయన నన్ను పంపలేదు. మా ఊరి బడి సారు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. వచ్చిన రోజేమో పిల్లల చేత తన ఇంటికి నీళ్లు మోయించేవాడు. అయిదో తరగతి దాకా నేనే చెప్పుకుంటానని బాపు పట్టుబట్టాడు. పొద్దున్నే చేనికి పోయొచ్చి, చల్ల తాగి, నన్ను ముందర కూచోబెట్టుకునేవాడు. లెక్కలకు పత్తి గింజలు, తూకాలకు తరాజు, చదవడానికి బస్సు బోర్డులు. మా ఇంట్లో పలక అంటే ముందరి అర్ర, అంటే ముందు గది తలుపే. దాని వెనక సుద్దతో ఆయన నా చేత రాయించిన తొలి మాట ‘ఎందుకు’. ఒక్క ఒత్తు కూడా లేదు, ఇంత అల్కటి మాట ఇంకోటి దొరకదని నవ్వేవాడు.

ఆ మాటే మా ఇంటి కట్టుబాటు కూడా. ఆయన ‘ఎందుకు’ అంటే నేను జవాబు చెప్పాలి, నేనంటే ఆయన చెప్పాలి. నిజంగానే చెప్పేవాడు! మా అమ్మను అవ్వ అనేవాళ్లం, అవ్వ మీద ఎందుకు గరమైండో అడిగితే, తప్పు తనదేనని కూడా ఒప్పుకునేవాడు. అట్లాంటి తండ్రి ఊళ్లో ఇంకెవరికీ లేడని నాకు ఎంత మురిపెమో.

పక్కింటి అక్క నాకున్న ఒక్కగానొక్క నేస్తం. వాళ్ల చెల్లెలికి అక్షరాలు దిద్దించడానికి బాసర పోతూ నన్నూ రమ్మన్నారు. నేనప్పటికి గోదారి చూడలేదు. వాళ్లతో పోతానని బాపును అడిగాను.

“పో బిడ్డా, నేనేమన్న వద్దంటున్ననా? గాని ఎందుకు పోతున్నవో జర చెప్పి పో” అన్నాడు.

అందరూ పోతున్నారంటే అది జవాబు కాదని మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. గోదారి చూడాలని ఉంది అంటే సరిపోయేది. ఇంత చిన్న మాట నాకు తోచలేదు చూడండి! గుడి గురించి పెద్ద జవాబేదో చెప్పాలనుకుని మొద్దులా నిలబడిపోయాను. జీపు వెళ్లిపోయింది. ఏడుస్తుంటే బాపు దగ్గరికి తీసుకుని, అప్పటికింకా ఉయ్యాలలో ఉన్న తమ్ముణ్ణి చూపించి, వీడు పెద్దవాడయ్యాక వీడి చేత తొలి మాట నువ్వే రాయించాలి, అదే తలుపు మీద, వీడికి పంతులమ్మవు నువ్వే అని మాటిచ్చాడు. దాంతో నా ఏడుపు ఆగింది.

ఆ మాట పట్టుకునే నేను బతికాను. బోరింగు దగ్గర పిల్లలు ‘దేవుడు లేనోళ్ల పిల్ల’ అని ఎక్కిరిస్తే బిందె కింద పెట్టి మరీ కొట్లాడేదాన్ని. చివరికి పక్కింటి అక్కతో కూడా మాటలు బంద్ అయ్యాయి.

తమ్ముడికి నాలుగో ఏడు నడుస్తుండగా గట్టిగా జ్వరం వచ్చి తగ్గింది. నిర్మల్‌లో డాక్టరుకు చూపిస్తామని బాపూ, ఆయన తల్లి మా బాపమ్మా వాణ్ణి తీసుకుపోయారు. మరునాడు మాపటికి గాని తిరిగి రాలేదు. ఎందుకంత ఆలస్యమైందంటే “బస్సు దొరకలే” అన్నాడు బాపు. నాకోసం రంగుల కొయ్య చిలుక తెచ్చాడు. నేను మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

తెల్లారి తలుపు తుడిచి, సుద్ద ముక్క వాడి చేతికిచ్చి, ‘ఎ’ రాద్దాం రా అన్నాను. వాడు సుద్ద పారేసి, అవ్వ రాళ్లు ఏరుతున్న బియ్యం చాట దగ్గరికి ఉరికాడు. అరచేత్తో బియ్యం చదును చేసి, చూపుడు వేలితో వంకరగా ఒక చుట్ట చుట్టి దానికి తోక పెట్టాడు.

“గట్ల కాదక్కా, బియ్యంల రాయాలె. ఓం! అయ్యగారు నా వేలు వట్టుకొని రాపిచ్చిండు. గోదారి గూడ సూసిన” అన్నాడు.

అవ్వ తల ఎత్తలేదు. అంటే అవ్వకూ తెలుసు. ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. గడపలో నిలబడి ఉన్న బాపు వైపు తిరిగి, ఆయన నేర్పిన మాటే అడిగాను. “ఎందుకు బాపూ?”

జవాబు బాపమ్మ ఇచ్చింది. “నేనే తోల్కపొమ్మన్న. ఒక్క మొగపిలగాడు. వానికేమన్న అయితే ఎట్లరా అన్న.”

“జరమొచ్చినప్పుడు మస్తు భయమైంది బిడ్డా. మీ బాపమ్మ ఏడ్సింది, కాదనలేకపోయిన” అన్నాడు బాపు, నేల చూపులు చూస్తూ.

అంతకు ముందటేడు నాకు తట్టు పోసి కళ్లు తెరవకుండా పడి ఉన్నప్పుడు, మొక్కుకుంటానన్న బాపమ్మను వద్దన్నది ఈ మనిషే. అప్పుడాయన గుండె ధైర్యాన్ని ఊరంతా చెప్పుకుంది, నేనూ చెప్పుకున్నాను. “నా కోసం ఎన్నడు భయం కాలేదా?” అని అడిగాను.

“నువ్వు గట్టిదానివి బిడ్డా” అన్నాడు.

కొయ్య చిలుకను పెరట్లోకి విసిరికొట్టాను. ఆయన గుడికి పోయినందుకు కాదు. భయపడ్డ తండ్రి ఎక్కడికైనా పోతాడు, ఆ మాత్రం నాకు అప్పుడే అర్థమైంది. కానీ ఆ నమ్మకాలూ, ఆ ధైర్యమూ అన్నీ నా మీద చెల్లాయి, కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాయి. పైగా బస్సు దొరకలేదట! నా జన్మలో ఆయన చెప్పగా నేను పట్టుకున్న అబద్ధం అదొక్కటే. ఆ తర్వాత కూడా ఆయన నాకు చదువు చెప్పాడు, బాగానే చెప్పాడు. నేను మాత్రం ఆయనను ‘ఎందుకు’ అని మళ్లీ ఎన్నడూ అడగలేదు. అది ఆయనకు తెలిసిందనే అనుకుంటాను.

ఇన్నేళ్లలో నేను బాసర పోలేదు. మొన్న మా అమ్మాయి తన కొడుక్కి అక్షరాలు దిద్దించడానికి పోతున్నామని ఫోన్ చేసింది. వాడికంటే పెద్దదైన మనవరాలికి ఆ ముచ్చటే జరగలేదు, ఇంట్లోనే రాయడం వచ్చేసింది.

“పోతే ఇద్దర్ని తోల్కపోండ్రి. లేకుంటే ఇద్దర్ని ఇంట్లనే కూసోవెట్టుండ్రి. నేను గూడ వస్త” అన్నాను.

“నువ్వా? బాసరకా? ఎందుకమ్మా?” అని నవ్వింది.

“పిల్లకు గోదారి సూపియ్యాలె” అన్నాను.