మంత్రసాని తేరుకున్న తీరు

మక్తల్ అవతల, అంగడి రోజున కన్నడం మాట కూడా వినిపించే పల్లెల్లో పురుడు అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు నర్సింగమ్మ. మనిషి సన్నం, గొంతు పెద్దది. మొగుడు కలరా వచ్చిన ఏట పోయాడు. ఉన్నది ఒక్కతే బిడ్డ, బిక్షమ్మ.

1957 భాద్రపదంలో బిక్షమ్మ తొలిచూలు పురిటికి తల్లి దగ్గరికి వచ్చింది. పొద్దున నొప్పులు మొదలై మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా పడింది. ఇక గండం గడిచిందనుకుని నర్సింగమ్మ పిల్లను తుడుస్తుండగా బిక్షమ్మ, "అమ్మా, కండ్లు మసకలైతున్నయే" అంది.

నెత్తురు ఆగడం లేదు. నర్సింగమ్మ పొత్తికడుపు గట్టిగా పిసికింది, బట్టలు అదిమిపట్టింది, కాళ్ల కింద మూట పెట్టి ఎత్తింది. తనకు తెలిసినవన్నీ చేసింది. లాభం లేకపోయేసరికి పక్కింటి ఉప్పలమ్మ కొడుకుతో బండి కట్టించింది. ముసురు పట్టి ఉంది. నల్లరేగడిలో చక్రాలు దిగబడుతూ, లేస్తూ పోతున్నాయి. మక్తల్ దవాఖాన ఇంకా దూరంలో ఉండగానే తల్లి ఒడిలో బిక్షమ్మ ప్రాణం పోయింది.

అల్లుడు ఎల్లస్వామి దినాలయ్యేదాకా ఉన్నాడు. అత్తను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. "పసిగుడ్డును నేనెట్ల సాదుత అత్తా? నీ తాన్నే ఉండనియ్" అని కండ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. కానీ సాకే స్థితిలో నర్సింగమ్మ లేదు. ఉప్పలమ్మ కోడలు జంగమ్మకు చంటిపిల్లవాడు ఉన్నాడు. ఆమే ఈ పిల్లకు కూడా చన్నిచ్చి తమ ఇంట్లో పెట్టుకుంది.

నర్సింగమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఎవరైనా ఇంత పెడితే రెండు బుక్కలు తిని పక్కకు నెట్టేది. కన్ను మూస్తే బండి కుదుపు తెలిసి లేచి కూర్చునేది. ఎక్కడైనా మేకపిల్ల అరిచినా పసిబిడ్డ ఏడుపనుకుని చెవులు మూసుకునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. కాన్పులకు కబురొస్తే, "నా చేతులు మంచియి కావు, నన్ను పిలవకుండ్రి" అని ముఖం తిప్పుకునేది. చలికాలం వచ్చేసరికి లేచి నిలబడితే కళ్లు తిరిగే దశకు వచ్చింది.

ఒక పొద్దున ఉప్పలమ్మ ఆముదం గిన్నె, కాగిన నీళ్లు తెచ్చి వాకిట్లో పెట్టింది.

"లే వదినె, తానం జెయ్యి."

"నాకెందుకే తానం? సచ్చినంక ఎట్లయినా పోస్తరు గద."

"సచ్చినంక పోసేటోళ్లు శానమంది ఉన్నరు. బతికున్నప్పుడు నేను పోస్త. లే."

రెక్క పట్టి లేపింది. బాలింతలకు నర్సింగమ్మ ఎలా చేసేదో అలాగే చేసింది. వీపుకు, నడుముకు, మోకాళ్లకు ఆముదం పట్టించి రుద్దింది. చేతికి ఎముకలే తగిలాయి. వేడివేడి నీళ్లు వీపు మీద పడగానే నర్సింగమ్మ బావురుమంది. బిడ్డను మట్టిచేసిన నాడు కూడా రాని ఏడుపు అది. ఉప్పలమ్మ ఊరుకోమనలేదు, చెంబు ఆపలేదు. నీళ్లు అయిపోయాక తల తుడిచి, జొన్న రవ్వ ఉడికించిన గట్కలో ఎల్లిపాయ కారం కలిపి ముందు పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుంది. మర్నాడూ వచ్చింది. ఆ చలికాలమంతా వస్తూనే ఉంది.

కాస్త కూడు లోపలికి పోయి, కాళ్లు నిలబడ్డాక ఒకనాడు జంగమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది.

"అవ్వా, గీ పిల్లకు జర నీళ్లు పొయ్యవా? చెవులల్లకు పోతున్నయ్. నాకొస్తలేదు."

"మరి నీ కొడుకుకు ఎవలు పోస్తున్నరే?"

"మా అత్త. ఇయ్యాల చేన్లకు వోయింది."

అది సాకని నర్సింగమ్మకు తెలుసు. అయినా పీట వాల్చి కాళ్లు చాపింది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. నూనె రాసి, మెడ కింద మడతలు తుడిచి, ముక్కు మీద చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోసింది. ఎంతమంది పిల్లలకు పోసిన చేతులో అవి! పని తగిలేసరికి ఏదీ మరిచిపోలేదు. సాంబ్రాణి పొగ వేసి గుడ్డలో చుట్టగానే పిల్ల నిద్రపోయింది. మర్నాడు జంగమ్మ రాకముందే నర్సింగమ్మ నీళ్లు కాచి ఎదురు చూసింది.

పిల్ల పాలు మరిచాక తన ఇంటికే తెచ్చుకుంది. ఈదమ్మ అని పేరు పెట్టింది. దాన్ని చంకనేసుకుని ఉప్పలమ్మతో కలిసి పల్లికాయ ఏరడానికి కూలికి పోయేది. ఎండలో వంగి పనిచేసి వచ్చిన ఒళ్లు చాప మీద పడగానే నిద్రలోకి జారేది. అయినా కాన్పులకు మాత్రం పోలేదు.

జంగమ్మకు రెండో కాన్పు వచ్చింది. "అవ్వ ఉంటేనే కంట" అని పట్టుబట్టింది. నర్సింగమ్మ ముందు రానంది. చివరికి, "ముందుగాల బండి కట్టి వాకిట్ల నిలపెట్టుండ్రి. ఎడ్లను ఇప్పొద్దు. అప్పుడొస్త" అంది.

నడుమ ఒకసారి బయటికి వచ్చి ముఖం కడుక్కుని, ఇన్ని నీళ్లు తాగి మళ్లీ లోపలికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. తల్లికి ఏమీ కాలేదు. కట్టిన బండి కట్టినట్టే ఉంది. "ఎడ్లకే నొప్పులొచ్చినట్టున్నయ్ వదినె" అని ఉప్పలమ్మ అంటే, ఎన్నాళ్లకో నర్సింగమ్మ నవ్వింది.

అప్పటి నుంచి మళ్లీ పోసాగింది. బండి సిద్ధంగా లేని ఇంట్లో అడుగు పెట్టేది కాదు. కొన్నేళ్లకు సర్కారు మంత్రసానులకు పని నేర్పిస్తోందంటే మక్తల్ పోయింది. నేర్పే నర్సుకు బిక్షమ్మ సంగతి చెప్పి, దవాఖానకు చేరి ఉంటే బతికేదా అని ఒక్కటే అడిగింది. "దవాఖానలో ఉన్నా కొందరికి ఆగదమ్మా. ఒక్కోసారి మా చేతుల్లో కూడా పోతారు" అంది ఆమె. ఆ మాటతో దుఃఖం తీరలేదు. కానీ తన చేతులను తాను తిట్టుకోవడం ఆనాటితో మానేసింది.

ఈదమ్మ బడికి పోయే ఈడుకు వచ్చాక, తల దువ్వుతుంటే అడిగింది: "అవ్వా, మా అమ్మ ఎట్ల సచ్చిపోయింది?"

నర్సింగమ్మ దాచలేదు. నెత్తురు సంగతి, బండి సంగతి అన్నీ చెప్పింది. పిల్ల వెనక్కి తిరిగి, "నన్ను సూసిందా?" అంది.

"సూసింది. నా చేతులకెల్లి గుంజుకుని సూసింది. ముక్కు నాయినదే వచ్చిందని నవ్వింది."

ఈదమ్మ ముక్కు తడుముకుంది. నర్సింగమ్మ జడ చివర ముడివేసి, "పో, బడికి పొద్దువోతాంది" అంది.