బొట్టు పెట్టిన ఇంజిను

టీ తాగేముందు గ్లాసును వెలుగుకెత్తి చూసే మనిషి ఎల్లస్వామి. డీజిల్ పోయిస్తే ట్యాంకుకు చెవి ఆనించి వింటాడు. అతని బతుకుతెరువంతా ఒక్క పాత లారీ. అది నల్లపొగ కక్కుతుంటే నాచారంలో మెకానిక్ బిక్షపతి షెడ్డుకు తెచ్చాడు.

"ఇంజిన్ మార్చెయ్ అన్నా. ఉప్పల్‌ల సెకండ్‌హ్యాండ్‌ది ఉంది, మస్తుగుంది," అన్నాడు బిక్షపతి.

"మస్తుగుంటె వాడెందుకు అమ్ముతడు? ఎవని పాపమో నా బండిల పెడ్తవా? ఉన్నదే విప్పి జెయ్."

విప్పమన్నాడే గానీ, తన మంచి సామాను తీసి ఎవరిదో అరిగింది బిగిస్తారని భయం పట్టుకుంది. అందుకే పూజ చేస్తున్నట్టు కళ్లు మూసుకుని, ఊడిన ప్రతి ముక్కకూ ఓ మూలన కుంకుమ బొట్టు పెట్టాడు. రేపు గుర్తుపట్టడానికి అదే ఆనవాలు.

మర్నాడు వెళ్లేసరికి సామానంతా డీజిల్‌తో కడిగి గోనెపట్టా మీద ఆరబెట్టి ఉంది. పక్కనే అదే రకం ఇంకో లారీ ఇంజిను, విప్పి, ఇంకో పట్టా మీద. ఎల్లస్వామి వంగి చూశాడు. బొట్లు ఉన్నాయి. రెండు పట్టాల మీదా ఉన్నాయి.

"కడిగితె పోయినయన్నా. నీకు భక్తి ఎక్కువ గదా అని నేనే మళ్ల పెట్టిన. పక్క బండిది బోసిగ కనవడ్డది, దానికి గూడ పెట్టిన."

నాదేదని అడిగితే బొట్టు ఎందుకు పెట్టాడో బయటపడుతుంది. ఎల్లస్వామి రెండు పట్టాల మధ్య గొంతుక్కూర్చుని బిక్షపతి ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"అగర్‌బత్తి గూడ ముట్టియ్యాల్నా అన్నా?" అన్నాడు బిక్షపతి, నవ్వకుండా.