గుటక పాఠం

తెనాలిలో మా బడి నీళ్ళ గంట కొట్టగానే తరగతంతా సీసాలెత్తి గటగటా తాగుతుంది. ఆ చప్పుడు చెవినపడితే చాలు, నా కళ్ళు పిల్లల మెడల మీదికి పోతాయి. "ఏంటండీ టీచర్, అలా చూస్తారు?" అని ఒకటే నవ్వులు. నవ్వితే నవ్వారు. ఆ చూపు నాకు ఎస్తేరు టీచరు గారి దగ్గర అబ్బింది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరింది రేపల్లె బడిలో. అక్కడ ఆవిడ సీనియర్ బయాలజీ టీచరు. రోజూ ఇద్దరం తెనాలిలో ప్యాసింజరు ఎక్కి వెళ్ళేవాళ్ళం. గడ్డం కింద, మెడ నడిమధ్య, ఆవిడకు ఉసిరికాయంత బుడిపె ఉండేది. పుట్టుకతో వచ్చిన తిత్తి. ఇంకొకరైతే పైట కప్పుకునేవారు. ఈవిడ దాన్నే పాఠం చేసేశారు! గొంతు గురించి చెప్పే రోజున గ్లాసు పట్టుకుని నిలబడి, "చూడండర్రా" అంటూ గుటక వేసేవారు. బుడిపె పైకి లేచి దిగేది. నాలుక చాపితే మళ్ళీ లేచేది. పిల్లలు పగలబడి నవ్వేవారు. "నవ్వుకోండి. కానీ కళ్ళతో చూసిందే రాయండి, మీకు కావలసింది రాయకండి" అనేవారు.

ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చుని నేనూ ఆ పాఠం చూస్తున్నాను. ఆవిడ గుటక వేశారు. ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి, "అది పైకి రాలేదండి టీచర్" అంది. ఆవిడ నాలుక చాపారు. బుడిపె కదల్లేదు. "సరిగ్గా చూశావమ్మా" అని ఆ పిల్లను మెచ్చుకుని గ్లాసు బల్ల మీద పెట్టారు.

తిరుగు రైల్లో మెడ తడుముకుంటూ, "గట్టిపడిందమ్మాయ్" అన్నారు. రేపే బాపట్లలో డాక్టరుకు చూపిద్దామన్నాను.

"పదో తరగతి పరీక్షలు కానీ. పుట్టినప్పటినుంచీ ఉన్నదేగా, ఇప్పుడేం చేస్తుంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూసిందే రాయమని పిల్లలకు చెప్తారు, మీరేమో మీకు కావలసింది రాసుకుంటున్నారండీ!" అనేశాను. పెద్దావిడ అని కూడా చూడలేదు. తెనాలిలో దిగేటప్పుడు ఆవిడే, "పొద్దున్న బాపట్లకు ఏ బండికి?" అన్నారు.

ఆపరేషను చేసి తిత్తి తీసేశారు. దాన్ని పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. "చాలా అరుదండి. ఇలాంటి తిత్తిలో ఒక్కోసారి థైరాయిడ్ కణాలు మిగిలిపోతాయి, వాటిలో పుట్టింది. అసలు థైరాయిడ్‌లోకి గానీ, మెడలో ఇంకెక్కడికైనా గానీ పాకిందేమో స్కాన్‌లో చూడాలి" అన్నాడు డాక్టరు. స్కాన్ రిపోర్టు కోసం ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. చర్చిలో అందరికంటే గొంతెత్తి పాడే మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ప్రార్థన కూడా రావట్లేదమ్మాయ్. భయమేస్తోంది" అన్నారు. ధైర్యం చెప్పాలని నోరు తెరిచాను గానీ, "నాకూ భయంగానే ఉందండీ" అనే వచ్చింది. ఆవిడ తల ఊపారు. ఇంతలో లోపలికి పిలిచారు. ఇంకెక్కడా లేదన్నారు. బయటికొచ్చి ఇద్దరం అదే బల్ల మీద కూలబడి ఏడ్చాం.

సెలవు అయ్యాక బడికి వచ్చిన రోజున ఆవిడ మెడకు అడ్డంగా ఎర్రటి గీత ఉంది. దాన్నీ కప్పుకోలేదు. గ్లాసెత్తి గుటక వేసి, "ఏం కనిపించింది?" అని అడిగారు.

"బుడిపె లేదండి."

"అదే రాయండి. ఇప్పుడు పక్కవాళ్ళు గుటక వేస్తుంటే మెడలు చూడండి, ఎక్కడైనా బుడిపె ఉందేమో."

ఇప్పుడావిడ రిటైరై బాపట్లలో ఉంటున్నారు. ఫోన్ చేస్తే, నా పిల్లల సంగతీ సంసారం సంగతీ తర్వాత. "ఈ ఏడాది మెడలు చూశావా?" అనేదే మొదటి మాట. చూశానండీ అంటాను.

"మరి నీ మెడ?"

ఫోన్ అలాగే పట్టుకుని అద్దం ముందు నిలబడి గుటక వేస్తాను. అవతల ఆవిడ, "ఏం కనిపించింది?" అంటారు. కళ్ళతో చూసిందే చెప్తాను.